చిన్నకోడలి ఉపవాసాలు

మా అమ్మను మహాభక్తురాలు అన్నవాళ్ళందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ళలో సగంమంది ఈపాటికి బూడిదైపోయారు. అయినా కోపం చావలేదు. మనుషులు పోతే వాళ్ళ మీద కోపం కూడా పోవాలని ఎక్కడుంది? మొన్నటికి మొన్న గుడి దగ్గర ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆ ఉపాసాల తల్లి కూతురివి గదేటి! ఆ కడుపున పుట్టడానికి ఎంత పున్నెం సేసుకున్నావో!" అంది. పెద్దావిడను కసరలేక నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి అన్నం గిన్నె మూత నేలకేసి కొట్టాను. అందుకే ఇది రాస్తున్నాను. మా అమ్మ చేసింది భక్తి కాదు. అదేమిటో చెబుతాను.

మాది ఈ చెరకు దీవిలో, లెస్కాలియే ఊరి పక్కన ఎస్టేటు కూలీల కాంపు. జర్మనీ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. గుమ్మంలో నిలబడితే ఎటు చూసినా చెరకే. తాత విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చినవాడు. చెరకు కొట్టి కొట్టి, వీపు వంగిపోయాక, ఒక గుంపుకి సర్దారు అయ్యాడు. తెల్లారకుండానే కూలీలను లేపి తోటకి తోలుకుపోవడం సర్దారు పని. తోటలో అలవాటైన గొంతే ఇంట్లోనూ వాడేవాడు. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. ఇక ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే: పెద్దకోడలు మా పెద్దమ్మ, చిన్నకోడలు మా అమ్మ. అమ్మ పుట్టిల్లు ఉత్తరాన టేర్ రూజ్. రైలెక్కి పోర్ లూయీ మీదుగా వెళ్ళాలి. ఆవిడ అక్కడికి వెళ్ళడం నాకు గుర్తున్నంతలో ఒక్కసారే.

పెద్దమ్మకు పిల్లలు లేరు. కాంపులో ఆడవాళ్ళు ఆ మాట నోటితో అనరు గాని, పిల్లలకి తల దువ్వేటప్పుడో, పసుపు రాసేటప్పుడో పెద్దమ్మను కాస్త పక్కకి జరగమనేవాళ్ళు. ఆవిడ జరిగేది. నేను పుట్టాక చాలాకాలానికి మా అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. నాకు అప్పటికి బాగా ఊహ తెలుసు. వాణ్ణి చంకనేసుకుని కాంపంతా తిప్పినదాన్ని నేనే.

వాడి అన్నప్రాశన నాడు జరిగింది, అంతా. పొయ్యి పక్కన పీట వేసి, ముగ్గు పెట్టి, పాయసం వండారు. మా కాంపు పంతులు వచ్చాడు. ఆయనా చెరకు కొట్టేవాడే. ఆదివారాలు మాకు ఓనమాలు దిద్దించి, పండగలకి భజన పాడించి, పెళ్ళిళ్ళకి మంత్రం చదివేవాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుంది. పాయసంలో వేలు ముంచబోతుంటే తాత గొంతు వినిపించింది.

"ఆగే సిన్నకోడలా. పెద్దది పెడతాది ముద్ద."

తాత నింపాదిగా చెప్పుకుపోయాడు. "ఇంటికి పెద్దోడి ఒడి ఖాళీగా ఉండకూడదు. ఈ గుంటడు ఇయ్యాల్టి నుంచి పెద్దోడి కొడుకు. సిన్నోడికేటి, ఇంకా పుడతారు. గుంటడు ఏ దేశానికో ఎల్లిపోతున్నాడా ఏటి? ఇదే సూరు కింద ఉంటాడు, ఈ కుండలో కూడే తింటాడు. ఏరా, ఏటంటావు?"

ఆ చివరి మాట మా నాన్నను అడిగాడు. నాన్న, "నీ మాటే నా మాట" అన్నాడు. అమ్మను ఎవరూ అడగలేదు. పంతులు, "ముద్ద పెట్టిందే తల్లి" అని ఒక మాట కలిపాడు, అదేదో వేదంలో ఉన్నట్టు. పెద్దమ్మ వచ్చి తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడు పాయసం చప్పరించి నవ్వాడు. పెద్దమ్మ ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. లేచి, వచ్చినవాళ్ళకి విస్తళ్ళు వేసింది.

తాత ఇంకో మాట కూడా అన్నాడు. అదే మా కొంప ముంచింది. "ఇద్దరి సేతి కూడు తిన్న గుంటడు ఎవులికీ కాకుండా పోతాడు. ఓలె సిన్నదానా, నువ్వు వొండు. అది పెడతాది."

ఆ రోజు నుంచి మా ఇంటి చట్టం అదే. వండేది మా అమ్మ, పెట్టేది పెద్దమ్మ. వాడి చేత మా అమ్మను "పిన్నీ" అని పిలిపించారు. వాడు ఎవరి కొడుకని పిల్లలెవరూ నోరెత్తకూడదు. పాలు ఇంకిపోవాలని అమ్మ గుండెలకి మల్లెపూలు వేసి గుడ్డతో బిగించి కట్టుకుంది. గదంతా మల్లెల వాసన. ఏమిటమ్మా ఇంత మంచి వాసన అని నేను ఆవిడ మీద పడుకుంటే, నొప్పి పుట్టి కెవ్వుమంది. అప్పుడు తెలిసింది నాకు అక్కడ ఏముందో.

ఇంకా పుడతారన్నాడు తాత. పుట్టలేదు.

పెద్దమ్మ రాక్షసి అయి ఉంటే ఇది రాయడం సుళువయ్యేది. కాదు. వాణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. అన్నం మెత్తగా పిసికి, ఉప్పుచేప ముల్లు ఒక్కొక్కటీ ఏరి, కథ చెబుతూ పెట్టేది. కాకపోతే భయం. ఎవరైనా వాడికి తినడానికి ఏదైనా ఇస్తే ఆవిడ ముఖం పాలిపోయేది. అమ్మ వాడి వైపు ఒక గిన్నె జరిపినా, పెద్దమ్మ నవ్వుతూనే వచ్చి, "నాకియ్యే, నాను పెడతాను" అని అందుకునేది. ఒక్కనాడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. అమ్మా ఒక్కనాడూ కాదని ఎరగదు. వాడికి కుండ అడుగున మాడిన అన్నం ఇష్టం. అమ్మ దాన్ని జాగ్రత్తగా గీకి ఒక మూల పెట్టేది. పెద్దమ్మ వచ్చి పట్టుకెళ్ళేది. కాంపులో అందరూ, "తోడికోడళ్ళంటే ఆళ్ళే! ఒక్క మాటా లేదు, ఒక్క తగువా లేదు" అని చెప్పుకునేవారు. తగువు ఉంటే బావుండేది. చింతపులుసు కుండలో మరిగినట్టు మరిగి, మూత మాత్రం కదలని ఇల్లు మాది.

ఇక నాన్న. మిల్లులో పని. కోతల కాలంలో చెరకురసం పాకం వాసన ఆయన చొక్కాకి ఎంత ఉతికినా పోయేది కాదు. వచ్చి కూర్చుంటే అమ్మ వడ్డించేది. తిని, "బావుంది" అని లేచేవాడు. బావుంది అనే మాట వినీ వినీ నాకు అసహ్యం పుట్టింది. పులుసు ఉప్పుకషాయమైనా బావుంది. అమ్మ కళ్ళు వాచి ఉన్నా బావుంది. ఆయన చెడ్డవాడు కాడు అంటారు. మంచివాళ్ళు మాట్లాడాల్సిన చోట నోరు మూసుకుంటే వాళ్ళ మంచితనం దేనికి, కూర వండుకోవడానికా?

తమ్ముడికి రెండో ఏడు నడుస్తుండగా చలిజ్వరం పట్టుకుంది. ఈ దేశంలో ఆ జ్వరం తినని ఇల్లు లేదు. వాడు కళ్ళు తేలేశాడు. పెద్దమ్మ గుండెలు బాదుకుంది. అమ్మ వాడి దగ్గరికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, అమ్మోరికి మొక్కుకుంది: పిల్లాడు లేస్తే శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటానని. వాడు లేచాడు.

ఉపవాసం అంటే పొద్దుటి నుంచి మంచినీళ్ళే. సాయంత్రం దీపం పెట్టి, నానబెట్టి దంచిన బియ్యప్పిండి, పంచదార, ఇంత కొబ్బరికోరు కలిపి చలిమిడి ముద్దలు చేసి, నైవేద్యం పెట్టి, ఇంటిల్లిపాదికీ పంచాలి. ఆ పైన తాను కాసింత గంజి తాగొచ్చు. మర్నాడు పొద్దున గాని అన్నం ముట్టకూడదు. ఇందులో ఒక నియమం ఉంది. ప్రసాదం ఉపవాసం ఉన్న మనిషే తన చేత్తో పెట్టాలి. ఇంకొకరి చేతికిచ్చి పంపకూడదు. పెడితే ఎవరూ కాదనకూడదు.

ఆ మొదటి శుక్రవారం నేను చూశాను. తాతకి పెట్టింది. పెదనాన్నకి, నాన్నకి, పెద్దమ్మకి పెట్టింది. నాకు పెట్టింది. పెద్దమ్మ చంకలో ఉన్న తమ్ముడు నోరు తెరిచాడు. పెద్దమ్మ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. "నాకియ్యే" అనబోయి ఆగింది. ప్రసాదం కదా! అమ్మోరి సొమ్ము. ఆవిడ చెయ్యి దిగిపోయింది. అమ్మ చలిమిడి ముద్ద వాడి నోట్లో పెట్టింది. వాడి పెదాల మీద ఆవిడ వేళ్ళు కాసేపు అలాగే ఉండిపోయాయి. ఆ రాత్రి నేను పడుకునేవరకూ ఆవిడ ఆ చెయ్యి కడుక్కోలేదు.

కొన్నాళ్ళకి శనివారం మొదలైంది. సింహాద్రి అప్పన్నకట. ఆ తర్వాత సోమవారం, శివుడికి. మార్గశిరంలో లచ్చివారం, అదే గురువారం, పట్టింది; అందరూ పడతారు. అందరూ నెల కాగానే వదిలేస్తే అమ్మ వదల్లేదు. పంతులు పొంగిపోయాడు. భజనలో, "ఈ కాంపులో ఒక ఇల్లాలుంది..." అని మొదలుపెట్టేవాడు. ఆడవాళ్ళు పసిపిల్లల్ని తీసుకొచ్చి అమ్మ చేత చలిమిడి పెట్టించుకునేవాళ్ళు. మాంటాన్ బ్లాంష్ నుంచి కూడా ఒకావిడ బండి కట్టించుకుని వచ్చి అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. తాత మీసం మీద చెయ్యేసుకున్నాడు. "మా సిన్నకోడలు మనిసి కాదురా, అమ్మోరే" అని దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పేవాడు. పెద్దమ్మకీ గర్వమే. ఉపవాసం రోజుల్లో అమ్మ చేత బరువు ఎత్తనిచ్చేది కాదు. "నువ్వు కూకోయే, నాను రుబ్బుతాను" అనేది. నిజంగానే ప్రేమగా అనేది.

అమ్మ గాజులు మోచేతి దాకా జారేవి. మెడ కింద గుంటలో గుప్పెడు బియ్యం పడతాయి అనిపించేది. నాకు భక్తి అంటేనే ఒళ్ళు మండేది. మా అమ్మను పీల్చేస్తున్న ఈ దేవుళ్ళు ఎవరు, వాళ్ళకి వేరే పని లేదా అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఒక బుధవారం తమ్ముడు బయట ఆడుతూ మోకాలు చీరుకుని, ఏడుస్తూ నేరుగా వంటింట్లోకి వచ్చాడు. వాడికి అప్పుడు నాలుగేళ్ళు ఉంటాయి. బయట పిల్లలతో ఇక్కడి క్రియోల్ భాష, ఇంట్లో తెలుగు, రెండూ కలిపేసి మాట్లాడేవాడు. "పిన్నీ, మాంజే! మాంజే!" అన్నాడు. అంటే అన్నం పెట్టమని. అమ్మ అప్పుడే పప్పు దించింది. ఇంట్లో ఎవరూ లేరు, నేనే ఉన్నాను. గబగబా అన్నం కలిపి ముద్ద చేసింది. ముద్ద వాడి నోటి దాకా వెళ్ళింది. పెరట్లోంచి పెద్దమ్మ వచ్చింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని, "తెలీకడిగేడులేయే. ఇటియ్యి" అంది మెల్లగా. అమ్మ ముద్దను కంచంలో పెట్టి, కంచం ఇచ్చేసింది.

ఆ మరుసటి వారం బుధవారం కూడా అమ్మ ఉపవాసం ఉంది.

నాకు అప్పుడు వెలిగింది. చలిమిడి కలుపుతుంటే పక్కన కూర్చుని అడిగాను. "బుధవారం ఏ దేవుడికమ్మా?"

"ఎవులో ఒకరు ఉంటారులేయే" అంది.

"వాడికి ముద్ద పెట్టడానికే కదూ ఇదంతా?"

అమ్మ పిండి చేత్తోనే నా నోరు మూసింది. గట్టిగా మూసింది. ఊపిరాడలేదు. తలుపు వైపు చూసి, ఎవరూ లేరని చూసుకుని, చెయ్యి తీసింది. "కడుపు సించుకుంటే కాళ్ళ మీదే పడతాది. ఎవులితోనూ అనకు" అంది. మళ్ళీ తనే అంది: "వారంలో ఇన్నిసార్లయినా నా సేతి కూడు వోడి కడుపులోకి ఎల్తాంది. వోడికి తెలీకపోతే పోనీ. ఒంటికి తెలుస్తాది. నాకది సాలు."

నేను ఏడ్చాను. ఆవిడ నా మూతికంటిన పిండి కొంగుతో తుడిచి, మళ్ళీ ముద్దలు చేసుకుంది.

అది తెలిశాక నాకు ఒకటే ధ్యాస, ఎలాగైనా ఆవిడ చేత తినిపించాలని. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆకులో అన్నం పెట్టుకెళ్ళి, "తినేయమ్మా. ఎవరు చూశారు? సాయంత్రం చలిమిడి మామూలుగానే పెట్టు. వాడికి పెట్టడమే కదా కావలసింది" అనేదాన్ని. నాకది గొప్ప ఉపాయం అనిపించింది. అమ్మ హడలిపోయింది. "దొంగ ఉపాసం ఉండి, ఆ పెసాదం వోడి నోట్లో పెట్టమంటావా? వోడికేదైనా అయితే?" అంది. ఆ అన్నం తీసి కోళ్ళకి వేసింది. అబద్ధపు ప్రసాదం కొడుక్కి తగులుతుందని ఆవిడ భయం. కాబట్టి ఆకలి నిజంగానే పడాలి.

తమ్ముడు ఐదో ఏట పడ్డాక తాత, "మొగపిల్లడు పెద్దోడవుతున్నాడు, ఇంకా నోట్లో పెట్టించుకోడమేటి? దోసిలి పట్టరా" అన్నాడు. అప్పటి నుంచి వాడు కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి దోసిలి పట్టేవాడు. అమ్మ అందులో పెట్టేది. వాడు కళ్ళకద్దుకుని, ముద్ద పట్టుకుని తుర్రుమనేవాడు. నోటి దాకా వెళ్ళే చెయ్యి అరచేతి దగ్గర ఆగిపోయింది. అమ్మ దానికీ సర్దుకుంది. వాడు తింటున్నాడు కదా, ఎక్కడ తింటే ఏం?

ఆ ఏడాది కోతల కాలంలో అమ్మ పొయ్యి ముందు కూలిపోయింది. చెయ్యి నిప్పుల్లో పడకుండా నేనే లాగాను. ఎస్టేటు ఆసుపత్రిలో మందులిచ్చే, క్రియోల్ మాట్లాడే ఆయన్ని పిలుచుకొచ్చారు. ఆయన అమ్మ కనురెప్ప లాగి చూసి, చెయ్యి పట్టి చూసి, పెదనాన్నతో, "ఈమెకి జబ్బేమీ లేదు. ఈమె తినాలి. ఇలాగే ఉంటే వచ్చే కోతలకి ఉండదు" అన్నాడు. పెదనాన్న అది తెలుగులో చెప్పాడు. నాన్న గోడకి చేరగిలబడి నేల చూస్తున్నాడు.

నేను తాత ముందుకెళ్ళి నిలబడ్డాను. మా ఇంట్లో ఆడపిల్ల అలా నిలబడ్డం అదే మొదలు. "ఉపవాసాలు మానెయ్యమని చెప్పు తాతా. నీ మాట వింటుంది" అన్నాను.

తాత నిజంగానే భయపడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. కాని, "దేవుడి పనికి అడ్డం పడితే ఇంటికి అరిష్టం గదే గుంటా. అమ్మోరు మానమంటే అదే మానుతాది" అన్నాడు. పంతుల్ని అడిగితే ఆయనా అంతే. మొక్కు మధ్యలో తెంచకూడదన్నాడు. అందరూ అమ్మోరి చెవిలో చెప్పేవాళ్ళే గాని, అమ్మ చెవిలో ఒక్క మాట చెప్పేవాడు లేడు. "నీ కొడుక్కి నువ్వు అన్నం పెట్టుకో" అనే మాట. ఆ ఒక్క మాటతో ఆవిడ లేచి కూర్చునేది. నేను అనొచ్చు, కాని నా మాట చెల్లదు. చెల్లే నోళ్ళన్నీ నామాలు చదువుతున్నాయి.

అమ్మ రెండ్రోజులు పడుకుని లేచింది. ఆ శుక్రవారం మళ్ళీ ఉపవాసం ఉంది. కూర్చునే పిండి దంచింది. నేను రోకలి లాక్కోబోతే ఇవ్వలేదు. సాయంత్రం దీపం పెట్టి, గోడ పట్టుకుని లేచి, అందరికీ పంచింది. తమ్ముడు దోసిలి పట్టాడు. అమ్మ వాడి చేతిలో ముద్ద పెట్టి, వాడి వేళ్ళు మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతుల్లో కాసేపు పట్టుకుంది. వాడు విడిపించుకుని పరుగెత్తాడు.

"నీళ్ళ తొట్టి దాకా తీసుకెళ్ళవే" అంది నాతో. ఆవిడ భుజం కింద చెయ్యి వేసి పెరట్లోకి నడిపించాను. తొట్టి పెద్దమ్మ వాళ్ళ గది గోడ పక్కనే. గోడంటే చెరకాకు దడే; అక్కడక్కడ చీలి, లోపలిది కనిపిస్తుంది. అమ్మ చెంబు ముంచబోతుండగా తమ్ముడి గొంతు వినిపించింది.

"అమ్మా, మాంజే!"

చూశాం ఇద్దరం. వాడు మంచం మీద పెద్దమ్మ ఒళ్ళోకెక్కి, చలిమిడి ముద్ద ఆవిడ నోటికి పెడుతున్నాడు.

"ఉండరా, ఉండు" అని పెద్దమ్మ నవ్వుతూ కొరికింది. "రోజూ నాకే పెడతావేటిరా నాన్నా? ఒక్కనాడూ నువ్వు తినవే?"

"మో పా కోంతాఁ. నాకు నచ్చదు. నీకిష్టం కదా, నీకోసమే తెస్తాను" అన్నాడు వాడు. ఆ మిగిలిన సగం కూడా ఆవిడ నోట్లో కుక్కి, చెయ్యి ఆవిడ చీరకి తుడిచేశాడు. పెద్దమ్మ వాణ్ణి గుండెలకి హత్తుకుని తల మీద ముద్దుపెట్టుకుంది. "నా బంగారు కొండ. కన్నతల్లినైనా ఇలా సూసుకోరురా" అంది.

అమ్మ చెంబు తొట్టిలోనే వదిలేసింది. నా చెయ్యి విడిపించుకుని, ఎవరి ఆసరా లేకుండా వంటింటి వైపు నడిచింది. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మగవాళ్ళు అప్పుడే అన్నానికి కూర్చున్నారు. ఆ పూట వాళ్ళ కోసం ఉప్పుచేప పులుసు ఉంది. తాత ముసలితనంలో వారాలు పాటించడం మానేశాడు. అమ్మ చెయ్యి కడుక్కుంది. తన కంచం తీసుకుని కుండ దగ్గర కూర్చుంది. అన్నం పెట్టుకుంది. పులుసు పోసుకుంది. చేపముక్క వేసుకుంది. శుక్రవారం, దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

తాత చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఓలె, అమ్మోరి వారం..." అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. ముద్ద మీద ముద్ద తింటోంది. నమిలే చప్పుడు వినిపిస్తోంది. పొలమారి, దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ తింది. తాత కాసేపు చూసి, "తిననీయండి, తిననీయండి" అన్నాడు. నాన్న తలెత్తి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "పులుసు బావుంది కదే" అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నకల్లా కాంపంతా తెలిసిపోయింది. పంతులు పరుగెత్తుకొచ్చి, మొక్కు సంపూర్ణమైందని, అమ్మోరే కలలో కనబడి తినమని ఉంటుందని చెప్పాడు. పెద్దమ్మ సంతోషం పట్టలేక కొబ్బరికాయ కొట్టించింది. "బతికేవే సెల్లీ, నాను ఎంత ఏడిసేనో నీకేటి తెలుసు" అని అమ్మను కావలించుకుంది. అబద్ధం కాదు, ఆవిడ నిజంగా ఏడ్చింది. అమ్మ ఆవిడ వీపు నిమిరింది. అందరి ముఖాలూ పండగలా ఉన్నాయి. అమ్మ తింటోంది! ఇన్నేళ్ళూ నేను కోరుకున్నదీ అదే. అది నా కళ్ళముందు జరుగుతుంటే చూడలేక పెరట్లోకి పోయి కూర్చున్నాను.

ఆ సాయంత్రం దీపాల వేళకి తమ్ముడు అలవాటు ప్రకారం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. శనివారం కదా. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి దోసిలి పట్టాడు.

"పిన్నీ, ప్రసాదం?"

అమ్మ కంచం ముందు కూర్చుని ఉంది. వాడి చేతుల వైపు చూసింది.

"లేదు నాయనా. నాను కూడు తినేసేను" అంది.

వాడు చేతులు దించుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. అమ్మ ఇంకాస్త అన్నం పెట్టుకుంది.